కొమ్ములు లేని గొర్రెకూ న్యాయం



ప్రళయదినాన మనుషుల మధ్యనే కాదు, మూగజీవాల మధ్య కూడా తీర్పు జరుగుతుందని దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) మనకు తెలియజేశారు. ఆ రోజు హక్కులన్నీ హక్కుదారులకు ఇప్పించబడతాయి. చివరకు కొమ్ములున్న గొర్రె పొడిచినందుకు కొమ్ములు లేని గొర్రెకు సైతం న్యాయం జరుగుతుంది. హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు ముస్లిం గ్రంథంలో ఉంది.

ఈ మాటలోని బరువు నెల్లూరు ప్రాంతం వారికి విడమరచి చెప్పనక్కరలేదు. మన నెల్లూరు జాతిలో పొట్టేలుకు కొమ్ములుంటాయి, గొర్రెకు ఉండవు. దాణా తొట్టి దగ్గర పొట్టేలు ఒక్క పోటు పొడిస్తే గొర్రె నోరు మూసుకుని పక్కకు తప్పుకుంటుంది. దాని తరఫున అడిగేవారు లేరు. కాని అల్లాహ్ చూస్తున్నాడు. నోరులేని, బుద్ధిలేని రెండు జీవాల మధ్య కూడా లెక్క తేల్చే ప్రభువు, బుద్ధీ ధర్మజ్ఞానమూ ఇచ్చిన మనిషి లెక్కను వదిలిపెడతాడా?

ఈ విషయం ఇప్పుడు చెప్పుకోవడానికి ఒక కారణం ఉంది. ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు, విడవలూరు, అల్లూరు వంటి తీర మండలాల్లో గల్ఫ్ నుండి తిరిగివచ్చిన సోదరుడో, ఉద్యోగ విరమణ చేసిన పెద్దమనిషో, చిన్న దుకాణం నడుపుకునే యువకుడో, "ఓ పది జీవాలు పెట్టుకుందాం, సరదాగా ఉంటుంది, బక్రీద్‌కు మన ఇంటి పొట్టేలే ఉంటుంది" అని అనుకోవడం సహజం. సొంత పొలం లేకపోతే ఓ అర ఎకరమో, ఎకరమో కౌలుకు తీసుకుంటారు. ఇది మంచి ఆలోచనే. అయితే ఒక్క మాట మనసులో నాటుకోవాలి. సరదా మనది కావచ్చు, కాని ఆ సరదాలో నలుగురి హక్కులు ఇమిడి ఉన్నాయి: భూమి యజమానివి, పొరుగు రైతువి, కాపరివి, ఆ జీవాలవి. మంద చిన్నదని ఈ నాలుగు హక్కుల్లో ఏదీ చిన్నదైపోదు.

ఇష్టపడడం తప్పు కాదు

కొందరు ధర్మనిష్ఠాపరులు, "ఇలాంటి సరదాలు ముస్లింకు తగునా?" అని సందేహిస్తారు. దివ్యఖుర్ఆన్ అన్‌నహ్ల్ సూరా 5, 6 ఆయతులను చదవండి. పశువుల వల్ల కలిగే వెచ్చదనాన్ని, ఆహారాన్ని, ఇతర ప్రయోజనాలను ప్రస్తావించిన వెంటనే అల్లాహ్ మరో అనుగ్రహాన్ని గుర్తుచేశాడు. సాయంత్రం వాటిని ఇంటికి తోలుకువచ్చేటప్పుడు, ఉదయం మేతకు వదిలేటప్పుడు మనకు వాటిలో ఒక అందం ఉందని తెలిపాడు. పొద్దుగూకేవేళ మంద ఇల్లు చేరుతుంటే మనసుకు కలిగే హాయి కూడా అల్లాహ్ ప్రసాదితమే. దానికి కృతజ్ఞత చూపాలేగాని సిగ్గుపడనక్కరలేదు.

గొర్రెలు పెంచుకోమని, వాటిలో శుభం ఉందని దైవప్రవక్త (స) హజ్రత్ ఉమ్మె హానీ (రజి)కి సలహా ఇచ్చినట్లు ఇబ్నె మాజాలో ఉంది. గొర్రెలు కాయని ప్రవక్త ఎవరూ లేరని ఆయన (స) చెప్పినప్పుడు, సహాబీలు "మరి మీరు?" అని అడిగారు. తాను కూడా కొద్దిపాటి ఖీరాత్‌ల కూలికి మక్కా వాసుల గొర్రెలు కాశానని ఆయన జవాబిచ్చారు. ఇది బుఖారీ హదీసు. లోకానికే మార్గదర్శి కానున్న మహనీయుడు ఒకరి జీవాలను కూలికి కాసి, సాయంత్రం లెక్క అప్పగించారు. ఆ పనిలో ఓర్పు ఉంది. బలహీనమైన దానికోసం ఆగి నడవడం ఉంది. తప్పిపోయిన దాన్ని వెతకడం ఉంది. గుర్రాలు, ఒంటెలు గలవారిలో గర్వం కనబడుతుందని, గొర్రెలు గలవారిలో ప్రశాంతత ఉంటుందని కూడా హదీసు తెలియజేస్తోంది. కనుక మంద పెట్టాక మనలో నిదానం పెరిగిందా, గొప్ప పెరిగిందా అని ఎవరికి వారు చూసుకోవాలి.

భూమి యజమాని హక్కు

మదీనాలో పూర్వం భూమిని కౌలుకిచ్చే ఒక పద్ధతి ఉండేది. కాలువ గట్టు వెంబడి పండిన పంట యజమానికి, మిగతాది సాగుదారుకు. ఒక ఏడు గట్టున ఉన్నది దక్కి లోపలిది పోయేది, మరో ఏడు లోపలిది దక్కి గట్టుది పోయేది. ఒకరు నిండా మునిగితే మరొకరు నిండుగా తినేవారు. దైవప్రవక్త (స) దీన్ని నిషేధించారు. తెలిసిన, ఖచ్చితమైన ప్రతిఫలానికి కౌలుకివ్వడంలో అభ్యంతరం లేదని హజ్రత్ రాఫె బిన్ ఖదీజ్ (రజి) వివరించారు. ఈ ఉల్లేఖనం ముస్లిం గ్రంథంలో ఉంది. పెన్నా కాలువల కింద వ్యవసాయం చేసే మనకు ఇది ఇట్టే అర్థమవుతుంది.

కనుక "పుట్టే పిల్లల్లో నీకు రెండిస్తాను", "బాగా గిట్టుబాటైతే ఎక్కువిస్తాను" అనే మాటల మీద భూమి తీసుకోకూడదు. ఎన్ని పిల్లలు పుడతాయో, ఎన్ని బతుకుతాయో ఎవరికి తెలుసు? ఏడాదికి ఇంత రొక్కం అని తేల్చుకోవాలి. అప్పు వ్యవహారాలను రాసుకోమని, సాక్షులను పెట్టుకోమని అల్‌బఖరా సూరా 282వ ఆయతులో అల్లాహ్ ఆదేశించాడు. కౌలు విషయంలోనూ అదే మేలైన పద్ధతి. భూమి ఎంత, కాలం ఎంత, కౌలు ఎంత, ఎప్పుడు కట్టాలి? వేసిన పాక, కంచె గడువు తీరాక ఎవరివి? చెట్ల కొమ్మలు మేతకు కొట్టవచ్చా? బోరు నీరు వాడుకోవచ్చా? పోగైన ఎరువు ఎవరిది? ఇవన్నీ ముందే కాగితం మీద పెడితే తర్వాత మనసులు విరగవు. యజమాని ఒంటరి మహిళో, వృద్ధుడో అయితే మరింత జాగ్రత్త వహించాలి. వారి మొహమాటాన్ని ఆసరాగా చేసుకుని కౌలు ఎగ్గొట్టడం అన్యాయం.

మరో విషయం. తీసుకుంటున్న భూమి నిజంగా ఆ ఇచ్చేవారిదేనా అని అడంగల్ చూసి నిర్ధారించుకోవాలి. కాలువ పోరంబోకును, ఊరుమ్మడి బీడును సొంతమన్నట్లు కౌలుకిచ్చేవారు ఎదురైతే వెనక్కు తగ్గాలి. కంచె వేసేటప్పుడు పక్కవాడి హద్దులోకి ఒక్క అడుగు జరిపినా ఆ నేల సంగతి పరలోకంలో తేలుతుంది. జానెడు నేల అన్యాయంగా ఆక్రమించినవాని మెడకు ప్రళయదినాన ఏడు భూముల బరువు చుట్టబడుతుందని బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో హెచ్చరిక ఉంది.

పొరుగు రైతు హక్కు

1990 దశకం నుండి మన తీరంలో రొయ్యల గుంటలు విస్తరించి మేత బీళ్ళు తగ్గిపోయాయి. మిగిలినవి వరి కోతల తర్వాతి పొలాలు, కాలువ గట్లు, సరుగుడు తోటల అంచులు. మేత కరువైనప్పుడు జీవం పక్కవాడి పచ్చని చేనువైపు చూస్తుంది. అసలు పరీక్ష అక్కడే మొదలవుతుంది.

అల్‌అంబియా సూరా 78, 79 ఆయతుల్లో ఇలాంటి తగాదా ఒకటి ప్రస్తావించబడింది. ఒకరి గొర్రెలు రాత్రివేళ మరొకరి చేలో పడి మేశాయి. తగవు హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం) ముందుకు వచ్చింది. నష్టానికి పరిహారంగా గొర్రెలను చేను యజమానికి ఇప్పించాలని ఆయన భావించారని వ్యాఖ్యాతలు వివరించారు. కుమారుడు హజ్రత్ సులైమాన్ (అ) మరో పరిష్కారం సూచించారు. గొర్రెలు కొంతకాలం చేను యజమాని దగ్గర ఉంటాయి, పాలు, ఉన్ని, ఈతలు అతను వాడుకుంటాడు. ఈలోగా గొర్రెల యజమాని ఆ చేనును బాగుచేసి మునుపటి స్థితికి తెస్తాడు. ఆ తర్వాత ఎవరివి వారికి. ఆ అవగాహనను సులైమాన్‌కు తామే ప్రసాదించామని, ఇద్దరికీ వివేకాన్ని, జ్ఞానాన్ని ఇచ్చామని అల్లాహ్ తెలిపాడు.

సోదరులారా! ఇద్దరు ప్రవక్తలు కూర్చుని తేల్చిన వ్యవహారం మేసిన చేను గురించి! దాన్ని మనం "గొర్రె కదా, దానికేం తెలుసు" అని కొట్టిపారేయగలమా? గొర్రెకు తెలియదు. గొర్రె యజమానికి తెలుసు. పగటిపూట తోటను కాపాడుకోవడం తోటవారి బాధ్యత, రాత్రిపూట పశువులు చేసే నష్టం పశువుల యజమాని బాధ్యత అని దైవప్రవక్త (స) తీర్పునిచ్చినట్లు అబూ దావూద్‌లో ఉంది. కనుక రాత్రి దొడ్డి తలుపు గట్టిగా ఉందో లేదో చూడడం కూడా ధర్మాచరణలో భాగమే. నష్టం జరిగితే రైతు మన గడపకు వచ్చేదాకా ఆగకుండా మనమే వెళ్ళి చెప్పాలి, మనమే వెలకట్టి ఇవ్వాలి. ఆ రైతు ముస్లిం కావచ్చు, కాకపోవచ్చు. హక్కు విషయంలో తేడా లేదు.

పొరుగువారితో మంచికి మరో దారి కూడా ఉంది. కోతలయ్యాక పొలంలో మంద కట్టించుకోవడం మన రైతులకు తరతరాల అలవాటు. జీవాల పెంటికలు, మూత్రం నేలకు బలం. మన పది జీవాలను అడిగిన పొరుగువాని మడిలో నాలుగు రాత్రులు కడితే అతనికి ఎరువు, మనకు మేత, ఇద్దరి మధ్యా స్నేహం.

కాపరి హక్కు

ఉద్యోగమో, వ్యాపారమో ఉన్నవారు రోజంతా మంద వెంట తిరగలేరు. కాపరిని పెట్టుకుంటారు. జీతానికి పెట్టుకునేవారిలో శ్రేష్ఠుడు బలమూ నమ్మకమూ గలవాడని మద్‌యన్ పెద్దాయన కుమార్తె హజ్రత్ మూసా (అ) గురించి తండ్రితో అన్న సంగతి అల్‌ఖసస్ సూరాలో ఉంది. ఆ నమ్మకస్తుడికి మనం ఏమివ్వాలి? చెమట ఆరకముందే కూలి ఇవ్వాలన్నది ప్రవక్త బోధ. పని చేయించుకుని కూలి ఎగ్గొట్టినవానికి ప్రళయదినాన తానే ప్రతివాదిగా నిలుస్తానని అల్లాహ్ హెచ్చరించినట్లు బుఖారీ హదీసు తెలుపుతోంది. పేదింటి పిల్లవాణ్ణి బడి మాన్పించి మంద వెంట పంపడం మాత్రం కూలి ఎంత ఇచ్చినా మేలు కాదు.

చాలా ఊళ్ళలో జీవాలను సగం పాలుకు ఇస్తారు. గొర్రెలు ఒకరివి, మేపేది మరొకరు, పుట్టిన పిల్లలు చెరిసగం. ఇక్కడ ధర్మవేత్తల మధ్య అభిప్రాయభేదం ఉంది. ప్రతిఫలం ఎంతో తెలియదు గనుక ఇది సరికాదని హనఫీ పండితులు అంటారు. హంబలీ పండితుల్లో దీన్ని అనుమతించినవారున్నారు. హనఫీ పండితులు చూపిన సులువైన మార్గం ఒకటి ఉంది. గొర్రెల్లో సగం వాటాను ముందే కాపరికి ఓ ధరకు అమ్మి, ఆ సొమ్ము నెమ్మదిగా తీసుకోవడమో, మాఫీ చేయడమో చేయాలి. అప్పుడు గొర్రెలు ఇద్దరివీ అవుతాయి, పిల్లలూ ఇద్దరివీ అవుతాయి. మొదలుపెట్టే ముందే మీ ఊరి ఆలిమ్‌ను అడిగి తెలుసుకోండి.

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) వృత్తాంతం ఇక్కడ గుర్తు చేసుకోదగింది. మదీనా పొలిమేరల్లో ఆయనకు ఓ బానిస కాపరి ఎదురయ్యాడు. భోజనానికి పిలిస్తే రోజా ఉన్నానన్నాడు. ఎండ మండిపోతోంది. ఆయన అతణ్ణి పరీక్షించదలచి ఒక గొర్రెను అమ్మమన్నారు. అవి తనవి కావు, యజమానివి అన్నాడు కాపరి. తోడేలు తినేసిందని చెప్పరాదా అన్నారు ఆయన. కాపరి ఆకాశంవైపు వేలు చూపి, మరి అల్లాహ్ ఎక్కడికి పోయాడని అడిగి ముందుకు సాగిపోయాడు. ఇబ్నె ఉమర్ (రజి) ఆ మాటనే తలచుకుంటూ మదీనా చేరి, యజమాని నుండి అతణ్ణీ మందనూ కొని, అతణ్ణి విముక్తుణ్ణి చేసి, ఆ మందను అతనికే ఇచ్చేశారు. ఆ కాపరి అడిగిన ప్రశ్న ప్రతి కాపరికీ వర్తిస్తుంది. అంతకన్నా ఎక్కువగా ప్రతి యజమానికీ వర్తిస్తుంది.

మూగజీవాల హక్కు

నెల్లూరు గొర్రె మనదేశ జాతుల్లోకెల్లా ఎత్తైనది. మూతి, కళ్ళ చుట్టూ నల్లమచ్చలుండే జోడిపి, తెల్లని పల్ల, గోధుమరంగు దొర అని మూడు రకాలు. ఉన్ని కోసం కాదు, మాంసం కోసం పెంచే జాతి. ఎదిగిన గొర్రె బరువు 30 కిలోల వరకు ఉంటుంది. రోజుకు బరువులో పదోవంతు, అంటే 3 కిలోల దాకా పచ్చిమేత కావాలి. ఇరవై జీవాలకు రోజుకు 60 కిలోలు. ఎకరం బీడు దీన్ని ఏడాదంతా ఇవ్వలేదు. కనుక ముందు మేత లెక్క, ఆ తర్వాతే జీవాల లెక్క. అవిసె, సుబాబుల్ నాటుకోవాలి, వేరుశనగ కట్టె దాచుకోవాలి. చేతనైనన్ని మాత్రమే కొనాలి. పది గొర్రెలు, ఒక పొట్టేలుతో మొదలుపెడితే చాలు. ఒక్కో జీవానికి పాకలో పది చదరపు అడుగుల చోటైనా ఉండాలి.

తొలకరి జల్లుకు మొలిచిన లేతగడ్డి ఆబగా మేసి ఆరోగ్యంగా ఉన్న గొర్రె ఉన్నట్టుండి చనిపోతుంది. చిటికె వేసినంతలో ప్రాణం పోతుంది గనుకనే దాన్ని చిటుకు రోగం అన్నారు. వానలకు ముందే టీకా వేయిస్తే దాన్ని నివారించవచ్చు. పారుడు రోగానికీ టీకా ఉంది. నట్టల మందు సమయానికి తాగించాలి. తీరపు తడినేలలో గిట్టలు మెత్తబడి కుంటుతాయి, పాక నేల ఎత్తుగా, పొడిగా ఉంచాలి. రొయ్యల గుంటల ఉప్పునీటి వైపు పోనివ్వకూడదు. పశువైద్యశాలకు తీసుకెళ్ళే తీరిక లేదంటే మందను పెట్టే తీరిక కూడా లేదన్నమాటే.

ఇక తుఫాను సంగతి. మన జిల్లాకు వాన ప్రధానంగా అక్టోబరు నుండి డిసెంబరు దాకా కురుస్తుంది. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫానును పెద్దలు మరచిపోలేదు. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు ఊళ్ళు మునిగాయి. హెచ్చరిక రాగానే మనుషులం తరలిపోతాం. పలుపుతో గుంజకు కట్టిన జీవం ఎక్కడికి పోతుంది? ఒక స్త్రీ పిల్లిని బంధించి, తిండి పెట్టక, తిని బతకడానికి వదలక చంపినందుకు నరకానికి పోయిందని బుఖారీ, ముస్లిం హదీసు చెబుతోంది. ఆమె పాపం బంధించి వదిలేయడమే. కనుక కౌలు భూమి ఎంచుకునేటప్పుడే మెట్ట ఎక్కడుందో చూడాలి. నీరు వస్తే తోలుకుపోయే దారి, చేరే చోటు ముందే ఖాయం చేసుకోవాలి. అదీ కుదరని క్షణంలో కనీసం కట్లు విప్పాలి.

కుక్కల బెడద ఉన్నచోట మంద కావలికి కుక్కను పెంచడానికి షరీఅత్ అనుమతి ఉంది. గుర్తు కోసం ముఖం మీద వాత పెట్టడాన్ని మాత్రం దైవప్రవక్త (స) తీవ్రంగా ఖండించారు.

జకాత్, అమ్మకం, పందెం

ఏడాదిలో అధిక భాగం బయట మేసి బతికే మంద 40కి చేరి సంవత్సరం గడిస్తే జకాత్ విధి అవుతుంది. 40 నుండి 120 వరకు ఒక జీవం, 121 నుండి 200 వరకు రెండు, 201 నుండి 300 వరకు మూడు, ఆ పైన ప్రతి నూరుకు ఒకటి. అమ్మకానికే కొన్నవైతే అవి వ్యాపార సరుకు. సంఖ్య చూడకుండా విలువ నిసాబ్‌కు చేరితే నూటికి రెండున్నర చొప్పున ఇవ్వాలి. పది జీవాల సరదా మందకు జకాత్ లేకపోవచ్చు. అయినా పేదింటికి ఒక గొర్రెపిల్లను ఇవ్వడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

అమ్మేటప్పుడు లోపం దాచకూడదు. పాలు పితకకుండా పొదుగు నింపి చూపడాన్ని ప్రవక్త (స) నిషేధించారు. తూకం పెరగడానికి ఉప్పు తినిపించి నీళ్ళు తాగించడం కూడా ఆ కోవలోని మోసమే. ఖుర్బానీకి కొనేవాడు ఆరాధన కోసం కొంటున్నాడు. గుడ్డిది, రోగిష్టిది, కుంటిది, బక్కచిక్కినది చెల్లదని మనకు తెలిసీ అంటగడితే అతని ఆరాధనకే అడ్డుపడినట్లు.

కొందరు యువకులకు పొట్టేలు కొమ్ములు తిరగగానే పందెం మీదికి మనసు పోతుంది. జూదాన్ని ఖుర్ఆన్ నిషేధించింది. జంతువులను ఒకదానిపై ఒకటి ఉసిగొల్పడాన్ని ప్రవక్త (స) వారించారని అబూ దావూద్, తిర్మిజీలలో ఉంది. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం కూడా అది నేరమే. పొట్టేలు తనంతట తాను పొడిచిన పోటుకే లెక్క ఉన్నప్పుడు, మనం పూనుకుని పొడిపించిన పోటు ఎవరి ఖాతాలో పడుతుంది?

కనుక సోదరులారా, మంద పెట్టండి. పిల్లలను వెంట తీసుకువెళ్ళండి. ఈనిన గొర్రెను, లేచి నిలబడలేని పిల్లను వారి చేతులతో సాకించండి. మీలో ప్రతి ఒక్కరూ కాపరే, ప్రతి ఒక్కరూ తన మందను గురించి ప్రశ్నించబడతారన్న ప్రవక్త బోధకు అర్థం వారికి అక్కడే తెలుస్తుంది. జీవాలు కొనే ముందు రోజు రాత్రి ఇషా నమాజు తర్వాత భార్యాభర్తలు కూర్చుని నాలుగు ప్రశ్నలు వేసుకోండి. కౌలు ఖచ్చితంగా తేలిందా? పొరుగువాని చేనుకు కంచె ఉందా? కాపరికి నెలనెలా ఇవ్వగలమా? నీళ్ళు ముంచెత్తే రాత్రి వీటిని ఎవరు తరలిస్తారు? నాలుగింటికీ జవాబుంటే బిస్మిల్లాహ్ అనండి. ఏ ఒక్కదానికి లేకపోయినా, దొరికేదాకా ఆగండి.

హక్కులు ఎరిగి, వాటిని నెరవేర్చి, మూగజీవాల ఫిర్యాదు లేకుండా తన సన్నిధికి చేరే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.